సోలార్ పార్కు పక్కన ఊరు: స్థానికులకు మేలు జరిగేలా ప్రాజెక్టును రూపొందించడం ఎలా?

ఒక మెగావాట్ సౌర విద్యుత్ కేంద్రానికి నాలుగు నుంచి ఐదు ఎకరాల నేల కావాలి. ఆ లెక్కన 100 మెగావాట్ల ప్రాజెక్టు వచ్చిందంటే ఒక ఊరి పొలాల్లో పెద్ద భాగం పాతికేళ్లకు పైగా కంచె లోపలికి వెళ్లిపోతుంది. కర్నూలుకు సమీపంలో గని, శకునాల గ్రామాల వద్ద 2017లో పూర్తయిన 1000 మెగావాట్ల సౌర పార్కు సుమారు 6 వేల ఎకరాల్లో విస్తరించింది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఆనుకొని కర్ణాటకలో ఉన్న పావగడ పార్కు సామర్థ్యం 2050 మెగావాట్లు. దాని విస్తీర్ణం దాదాపు 13 వేల ఎకరాలు. ఇంత నేల తీసుకునే సంస్థ ఊరికి ఏదో ఒక మేలు చేయాలన్న విషయంలో ఇప్పుడు పెద్దగా భేదాభిప్రాయం లేదు. చిక్కంతా ఆ మేలును ఎప్పుడు నిర్ణయించాలి, ఎవరి నుంచి మొదలుపెట్టాలి అన్న దగ్గరే వస్తోంది. భూమి ఇచ్చిన రైతుకు కౌలో పరిహారమో ఏదో ఒకటి అందుతుంది. ఆ భూమిలో కూలికి వెళ్లినవారికి, దాన్ని కౌలుకు చేసినవారికి, కోతలయ్యాక అందులో గొర్రెలు మేపినవారికి కాగితం మీద ఏ హక్కూ ఉండదు కాబట్టి ఏమీ అందదు. కనుక లెక్కను వారి నుంచే మొదలుపెట్టాలని, అది కూడా విద్యుత్తును యూనిట్ ఎంతకు అమ్ముతామో టెండర్‌లో ధర వేయకముందే పూర్తి చేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇది ప్రాజెక్టు అధికారులను, భూమి బృందాలను ఉద్దేశించి రాసినదే అయినా, వారితో బేరానికి కూర్చునే సర్పంచులకూ రైతు సంఘాలకూ పనికొస్తుంది.

ముందుగా మనుషుల లెక్క

సౌర, పవన విద్యుత్ కేంద్రాలకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కరలేదు. అందువల్ల ఆ అనుమతిలో భాగంగా జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా వీటికి ఉండదు. రైతుల నుంచి నేరుగా కౌలుకు తీసుకుంటే 2013 భూసేకరణ చట్టంలోని సామాజిక ప్రభావ అంచనా వర్తించదు. చట్టం అడగని ఈ పనిని సంస్థ తనంతట తానే చేసుకోవాలి. పనులు మొదలయ్యాక కంచె దగ్గర గొడవ జరిగి నెల రోజులు యంత్రాలు ఆగిపోతే అయ్యే నష్టం ముందు ఒక సర్వే ఖర్చు లెక్కలోకి రాదు.

సర్వే అంటే అడంగల్, 1బి వంటి రెవెన్యూ రికార్డుల నకళ్లు తీసి పట్టాదారుల జాబితా రాసుకోవడంతో సరిపెట్టకూడదు. రాయలసీమలో ఒకే పొలం మీద అనేక రకాల వారు ఆధారపడి ఉండడం మామూలే. పాసుపుస్తకం ఉన్న రైతులు, ప్రభుత్వం పేదలకిచ్చే డి.కె.టి. పట్టా మాత్రమే ఉన్నవారు, ఏ కాగితమూ లేకుండా ప్రభుత్వ భూమిని రెండు మూడు తరాలుగా సాగు చేసుకుంటున్నవారు, నోటిమాట మీద కౌలుకు వేరుశనగో కందో వేసుకునేవారు ఉంటారు. వారికి తోడు ఏటా ఒక కాలంలో మందలను తోలుకొచ్చే పొరుగూరి కాపరులు, బీడు భూముల్లో సీతాఫలాలు, వంటచెరకు, చీపురు గడ్డి ఏరుకునే ఆడవారు ఉంటారు. వీరిని గుర్తించడానికి ఆఫీసులో కూర్చొని చూసే ఉపగ్రహ చిత్రం పనికిరాదు. ఊరి పెద్దలిద్దరినీ, ఒక కాపరినీ, కూలి పనులకు వెళ్లే ఒకరిద్దరినీ వెంటబెట్టుకొని ప్రతిపాదిత స్థలమంతా నడిచి, బండ్ల బాటలు, వంకలు, కుంటలు, మందలు నీళ్లు తాగే చోట్లు, సమాధులు, గ్రామదేవతల స్థలాలు అన్నీ తెలుగు పేర్లతో పటం మీద గుర్తించాలి. వీలైతే వానాకాలంలో ఒకసారి, కోతల తర్వాత మరొకసారి నడవాలి, ఎందుకంటే ఎండిన వేళ కనిపించని వంకలు, కాపరులు వానల వేళ కనిపిస్తారు.

గ్రామసభను పగటిపూట పెడితే కూలికి వెళ్లేవారు రారు, పొద్దుగుంకాక పెట్టాలి. మగవారున్న సభలో మాట్లాడడానికి వెనకాడే ఆడవారితో డ్వాక్రా సంఘం సమావేశంలో విడిగా మాట్లాడాలి. సభకు వారం ముందే, ఎంత భూమి, ఎన్నేళ్లు, ఎంత కౌలు, ఎన్ని ఉద్యోగాలు అన్న నాలుగు విషయాలను ఒకే పేజీలో వారు ఇంట్లో మాట్లాడుకునే భాషలో పంచాలి. పావగడ తాలూకాలో చాలా కుటుంబాల ఇంటి భాష తెలుగు, ప్రభుత్వ వ్యవహారం కన్నడంలో, సంస్థల ఒప్పందాలు సాధారణంగా ఇంగ్లిష్‌లో. ఇలాంటి సరిహద్దు ప్రాంతాల్లో చదివి వినిపించేవారు లేకుండా సంతకాలు తీసుకోవడం తగవులకు దారి వేయడమే.

కౌలు ఒప్పందంలో చూడవలసినవి

పావగడలో ప్రభుత్వం భూమిని కొనకుండా కౌలుకు తీసుకోవడం మంచి నిర్ణయమని నా అభిప్రాయం. భూమి రైతు పేరు మీదే ఉండిపోయింది. వానలు మొహం చాటేసిన ఏట కూడా డబ్బు వస్తోంది. అయితే అక్కడి లెక్కను ఒకసారి పరిశీలించాలి. ఎకరాకు ఏటా 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు అన్నది ఒప్పందం. ఈ పద్ధతిలో 21వ ఏట కౌలు 34 వేలు దాటుతుంది. కానీ ధరలు ఏటా 5 శాతం చొప్పున పెరుగుతాయని అనుకుంటే, ఆనాటి 34 వేలతో కొనగలిగేది మొదటి ఏట సుమారు 13 వేలతో కొనగలిగినంతే. అంటే అంకె పెరుగుతూ కౌలు నిజ విలువ తరుగుతూ పోతుంది. దీనికి మందు, పెంపును స్థిరమైన శాతానికి కట్టేయకుండా వ్యవసాయ కూలీల వినియోగ ధరల సూచీకి ముడిపెట్టడం. సంస్థకు వచ్చే యూనిట్ ధర 25 ఏళ్లూ మారనప్పుడు కౌలు మాత్రం పెరుగుతూ పోతే ఎలాగని ఆర్థిక విభాగం అడుగుతుంది. ఆ పెరుగుదలను ముందే అంచనా వేసి టెండర్ ధరలో కలుపుకోవాలన్నదే జవాబు. 2015 చివర్లో గని పార్కు వేలంలో యూనిట్ ధర 4.63 రూపాయలకు దిగినప్పుడే ఆశ్చర్యపోయిన మనం తర్వాత మూడు రూపాయల లోపు ధరలు కూడా చూశాం. అంత బిగించిన ధరలో ఊరి వాటాకు చోటు ముందే పెట్టుకోకపోతే తర్వాత దొరకదు.

కౌలు రేటు అందరికీ ఒకటే ఉండాలి, దాన్ని పంచాయతీ కార్యాలయం గోడ మీద రాయించాలి. రేటు రహస్యంగా ఉన్న చోట దళారులు పుట్టుకొస్తారు. ముందుగా సంతకం చేసిన చిన్న రైతుకు తక్కువ, చివరిదాకా బిగపట్టిన పెద్ద రైతుకు ఎక్కువ ముడుతుంది. పాసుపుస్తకం చనిపోయిన తాత పేరు మీదే ఉండి వారసుల మధ్య పంపకం జరగని కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. రికార్డుల్లో పేరు మార్చే మ్యుటేషన్ ఖర్చును సంస్థే భరించి, ఆడబిడ్డల వాటాతో సహా పేర్లు ఎక్కించాకే ఒప్పందం రిజిస్టరు చేయించడం మంచిది. భూమి వ్యవసాయేతరంగా మారితే పంట రుణం, పంటల బీమా వంటి సాగుకు ముడిపడిన సదుపాయాలు అందకపోవచ్చన్న సంగతి సంతకానికి ముందే చెప్పాలి. తెలుగు ప్రతి ఒకటి రైతు చేతికి ఇవ్వాలి.

ప్రభుత్వం పేదలకు పంచిన అసైన్డ్ భూములకు 1977 నాటి బదిలీల నిషేధ చట్టం వర్తిస్తుంది కాబట్టి వాటి విషయంలో తహశీల్దార్, కలెక్టర్ స్థాయిలో తేలకుండా రైతుతో ఎలాంటి చేతిరాత ఒప్పందమూ చేసుకోకూడదు. ప్రభుత్వం ఆ భూమిని వెనక్కి తీసుకొని పార్కుకు ఇచ్చినప్పుడు అసైనీలకూ, కాగితాలు లేకుండా సాగు చేస్తున్నవారికీ పట్టాదారుతో సమానంగా చెల్లించాలని సంస్థ తన వైపు నుంచి కోరాలి, తేడా ఉంటే ఆ తేడాను తానే పూరించాలి. ఏజెన్సీ ప్రాంతాల సంగతి పూర్తిగా వేరు. అక్కడ 1/70 నిబంధన గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధిస్తుంది. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అధికారం ఇచ్చాయి. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులపై (నీటిని పైకి తోడి నిల్వ చేసి, కావలసినప్పుడు కిందికి వదిలి విద్యుత్తు తీసేవి) గిరిజనులు లేవనెత్తిన అభ్యంతరాలను ఈ వెలుగులో చదవాలి. గ్రామసభ వద్దంటే ఆ స్థలాన్ని వదులుకోవాలి.

గొర్రెలు, కూలీలు

సౌర పార్కు వచ్చిన ఊళ్లలో మొదట దెబ్బ తగిలేది మందలకు. పోరంబోకు, బీడు భూములు రికార్డుల్లో నిరుపయోగమని ఉంటాయి గానీ కాపరి దృష్టిలో అవే అసలైన పొలాలు. పైగా కోతలయ్యాక మందను పొలంలో తోలించుకొని రైతు కాపరికి డబ్బో గింజలో ఇచ్చే ఆచారం ఉంది. పొలం కంచెలోకి వెళితే కాపరికి ఆ రాబడి, మిగిలిన పొలాల రైతులకు ఆ ఎరువు రెండూ తగ్గుతాయి.

దీనికి చేయదగిన పనులు ఉన్నాయి. పార్కును ఒకే దిమ్మలా కంచె వేయకుండా, పాత బాటల వెంట మంద నడిచేంత వెడల్పు దారులు వదిలి బ్లాకులుగా విభజించాలి. చుట్టూ తిరిగి రావాల్సిన దూరం పెరిగితే కాపరి కంచె కోస్తాడు. అది నేరమని కేసు పెట్టడం కంటే దారి వదలడం చౌక. రెండవది, ప్యానెళ్ల కింద గొర్రెలను మేపనివ్వడం. ప్యానెళ్ల నీడలో, కడిగిన నీటి తడికి గడ్డి బాగానే వస్తుంది, దాన్ని కోయించడానికి సంస్థ ఎలాగూ డబ్బు ఖర్చు పెడుతుంది. ప్యానెల్ దిగువ అంచు గొర్రె వీపుకు తగలనంత ఎత్తులో ఉండేలా, తీగలు నేలలోనో గొట్టాల్లోనో వెళ్లేలా డిజైన్ దశలోనే చూసుకుంటే ఇది సాధ్యమే. మేకలను మాత్రం రానివ్వకూడదు. అవి ఎక్కుతాయి, దూకుతాయి, తీగలు నములుతాయి. ఏ బ్లాకులో ఏ వారం ఎవరి మంద అన్నది కాపరుల సంఘమే నిర్ణయించుకోవాలి, వాళ్ల వంతుల పద్ధతి మన మేనేజర్ల పట్టిక కంటే బాగా నడుస్తుంది. భద్రతా కారణాలతో లోపలికి రానివ్వలేని బ్లాకుల్లో గడ్డిని కోసుకెళ్లడానికి అనుమతించాలి. ఈ రెండూ జరగాలంటే కలుపు మందు పిచికారీని పూర్తిగా మానేయాలి; ఆ నిషేధాన్ని నిర్వహణ కాంట్రాక్టులో షరతుగా రాయాలి.

ఉద్యోగాల దగ్గర అబద్ధం చెప్పకూడదు. నిర్మాణం జరిగే ఏడాది, ఏడాదిన్నర పాటు వందల మందికి పని ఉంటుంది. ఆ తర్వాత మిగిలేవి కాపలా, గడ్డి కోత, ప్యానెళ్ల శుభ్రత, కొద్దిపాటి సాంకేతిక ఉద్యోగాలు. ఊరికి వెయ్యి ఉద్యోగాలని వేదిక మీద ప్రకటించిన సంస్థ మూడో ఏటికల్లా ముఖం చూపించలేని స్థితికి వస్తుంది. ఉన్న కొద్ది ఉద్యోగాలైనా ఊరివారికే దక్కాలంటే శిక్షణ నిర్మాణానికి ముందే మొదలవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన సూర్యమిత్ర శిక్షణకు ఐ.టి.ఐ. చదివిన యువతీ యువకులను సంస్థ ఖర్చుతో పంపి, తిరిగి రాగానే వారిని పనిలోకి తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పాలి. కాపలా, శుభ్రత పనులు సాధారణంగా బయటి ఏజెన్సీల చేతుల్లో ఉంటాయి; స్థానికులను ఎంతమందిని తీసుకోవాలి, 'స్థానికులు' అంటే ఏ పంచాయతీల వారు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఎవరు కట్టాలి అన్నవి ఆ ఏజెన్సీ ఒప్పందంలోనే లేకపోతే మేనేజర్ ఎంత మంచివాడైనా ప్రయోజనం ఉండదు. శుభ్రత, గడ్డి కోత కాంట్రాక్టులను నేరుగా మహిళా సంఘాల సమాఖ్యకు ఇవ్వవచ్చు. ఇన్ని చేసినా పొలం కూలి పోయిన కుటుంబాలన్నిటికీ పని చూపడం సాధ్యం కాదు. సర్వేలో పేరున్న ప్రతి భూమిలేని కుటుంబానికి, కౌలు చెల్లించే తేదీనే, ఏటా ఒక నిర్ణీత మొత్తం వారి బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇలా చేసే సంస్థలు అరుదు. చేయదగిన పనుల్లో అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ఇదే.

నీళ్లు, వంకలు, కొండ దారులు

500 వాట్ల ప్యానెళ్లతో కట్టిన 100 మెగావాట్ల కేంద్రంలో 2 లక్షల ప్యానెళ్లు ఉంటాయి. ఒక్కోదాన్ని 2 లీటర్లతో కడిగినా ఒక విడతకు 4 లక్షల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 40 కావాలి. వేసవిలో ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టే ఊరి పక్కన ఇది చేయడం ఎంత ఇబ్బందికరమో చెప్పనక్కరలేదు. నీళ్లు లేకుండా దుమ్ము దులిపే రోబోలను మొదటి నుంచే ప్రణాళికలో పెట్టుకోవాలి. తప్పనిసరైతే పార్కులోనే కుంటలు తవ్వి వాన నీటిని నిల్వ చేసుకోవాలి. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి వచ్చినా, చుట్టుపక్కల బోర్ల నీటి మట్టాన్ని నెలనెలా కొలిచి పంచాయతీలో రాసి పెట్టాలి.

చాలామంది పట్టించుకోని విషయం నేల చదును. పాతిక అడుగుల వంకను మట్టితో పూడ్చి వరసలు తిన్నగా వేసుకుంటే ఇంజనీరుకు సుఖమే; ఆ వంక కింద ఉన్న చెరువు నిండదు, లేదా వరద వచ్చిన ఏట నీళ్లు పక్క పొలంలో పడతాయి. వంకలన్నిటికీ ఇరువైపులా ఖాళీ వదిలి, ప్యానెళ్లను నేల వాలు ప్రకారమే నిలబెట్టాలి. గాలిమరల విషయంలో కొండ దారులు ఇంతకంటే ప్రమాదకరం. అనంతపురం ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో గ్రామస్థులు ఏళ్ల తరబడి కాపాడి పచ్చబరచిన కల్పవల్లి కొండల మీద గాలిమరల కోసం భారీ వాహనాల దారులు తవ్వినప్పుడు మట్టి జారి వాగుల్లోకి చేరడం, మేత దెబ్బతినడం వివాదమై హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. రికార్డుల్లో 'బంజరు' అన్న మాట చూసి అక్కడ ఎవరి శ్రమా లేదనుకోవడం వల్ల వచ్చే చిక్కు ఇదే.

డబ్బు ఎక్కడి నుంచి, ఎవరి చేతికి

సామాజిక బాధ్యత నిధుల మీద ఆధారపడి ఊరికి మాట ఇవ్వకూడదు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా పెట్టే అనుబంధ కంపెనీ వడ్డీ, తరుగుదల భారంతో తొలి ఏళ్లలో లాభమే చూపకపోవచ్చు. ఊరికి ఇబ్బంది ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ ఏళ్లలోనే. దీనికి బదులు ఉత్పత్తికి ముడిపెట్టిన నిధి నమ్మకమైనది. రాయలసీమ ఎండకు ఒక మెగావాట్ నుంచి ఏటా సుమారు 19 లక్షల యూనిట్లు వస్తాయని అనుకుంటే, 100 మెగావాట్ల మీద యూనిట్‌కు ఒక పైసా పక్కన పెట్టినా ఏటా 19 లక్షల రూపాయలు; రెండు పైసలైతే 38 లక్షలు. స్కాట్లాండ్‌లో పవన విద్యుత్ సంస్థలు మెగావాట్‌కు ఏటా 5 వేల పౌండ్లు స్థానిక నిధికి ఇవ్వాలన్నది అక్కడి ప్రభుత్వం సూచించిన ప్రమాణం. చట్టం బలవంతం లేకున్నా చాలా సంస్థలు పాటిస్తున్నాయి.

ఈ నిధికి ప్రత్యేక ఖాతా తెరిచి, పంచాయతీ నుంచి ఒకరు, మహిళా సమాఖ్య నుంచి ఒకరు, భూమిలేని కుటుంబాల నుంచి ఒకరు, సంస్థ నుంచి ఒకరు ఉమ్మడిగా సంతకం చేసేలా పెట్టాలి. ఖర్చును గ్రామసభ ఆమోదించాలి, ఏడాది లెక్కను గోడ మీద రాయాలి. మొదటి మూడేళ్లలో దేనికి ఖర్చు చేయాలన్నది ఊరే తేల్చుకోవాలి గానీ, కంపెనీ పేరు చెక్కిన స్వాగత తోరణాలకు మాత్రం ఈ డబ్బు వాడకూడదని నియమావళిలోనే రాసుకుంటే ఇరువర్గాలకూ మంచిది.

మా ఊరి కరెంటు మాకు

'మా పొలాల్లో కరెంటు పుడుతోంది, మా ఇళ్లలో కోతలేమిటి?' అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వస్తుంది. పార్కు విద్యుత్తు నేరుగా హై టెన్షన్ సబ్‌స్టేషన్‌కు వెళుతుందని, ఊరికి సరఫరా చేసే లైసెన్సు విద్యుత్ పంపిణీ సంస్థ అయిన డిస్కమ్‌దేనని చెప్పి ఊరుకోవడం సరైనదే అయినా సరిపోదు. ఊరి ఫీడర్, ట్రాన్స్‌ఫార్మర్ల బాగుకు డిస్కమ్‌కు డబ్బు కట్టవచ్చు. పాఠశాల, ఆరోగ్య ఉపకేంద్రం, తాగునీటి పథకం మోటారుకు పైకప్పు ప్యానెళ్లు, బ్యాటరీ పెట్టించవచ్చు. ఐదేళ్ల నిర్వహణ ఒప్పందం లేకుండా పెడితే అవి రెండో ఏటికే మూలన పడతాయి.

ఇంకొంచెం సాహసించే సంస్థలు ఊరికి యాజమాన్యమే కల్పించవచ్చు. డెన్మార్క్ 2008లో చేసిన చట్టం కొత్త గాలిమరల్లో కనీసం 20 శాతం వాటాను చుట్టుపక్కల వారికి కొనే అవకాశంగా ఇవ్వాలంది. మన దగ్గర వాటాలు కొనే స్తోమత తక్కువ కాబట్టి ఆ దారి సులువు కాదు. కానీ 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో రైతులు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు సబ్‌స్టేషన్‌కు దగ్గరలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల కేంద్రాలు పెట్టుకోవచ్చు. తెలంగాణలో మహిళా సంఘాలతో సౌర కేంద్రాలు పెట్టించే ప్రయత్నం కూడా మొదలైంది. ఇంజనీరింగ్, బ్యాంకు కాగితాలు, కొనుగోలు ఒప్పందం అన్నవి సంఘాలకు కొండంత పనులు, పెద్ద సంస్థకు రోజువారీ పనులు. తన పార్కు పక్కన సంఘం పేరిట ఒక మెగావాట్ నిలబెట్టడానికి ఆ నైపుణ్యాన్ని ఉచితంగా ఇవ్వడం సంస్థకు పెద్ద భారం కాదు.

ఫిర్యాదులు

పార్కు వచ్చాక వేడి పెరిగింది, వానలు తగ్గాయి అన్న మాట చాలా చోట్ల వినిపిస్తుంది. దాన్ని అజ్ఞానమని కొట్టేయకూడదు. నిర్మాణానికి ఏడాది ముందే కంచె పక్కన ఒకటి, రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మరొకటి ఉష్ణోగ్రత, వర్షపాత పరికరాలు పెట్టి అంకెలను నెలనెలా పంచాయతీలో ప్రదర్శిస్తే, వాదన జరిగినా అంకెల మీద జరుగుతుంది. నిజంగా తేడా ఉంటే సరిచేసే చర్యలూ ఆలోచించవచ్చు. ఫిర్యాదుల పుస్తకం గేటు దగ్గర కాకుండా ఊళ్లో ఉండాలి, అందుకున్న ప్రతి ఫిర్యాదుకూ 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రావాలి. పగిలిన పైపు, పడిపోయిన గట్టు వంటి చిన్న నష్టాలను పై ఆఫీసు అనుమతి కోసం ఆగకుండా అక్కడికక్కడే చెల్లించే అధికారం స్థానిక అధికారికి ఇవ్వాలి.

కౌలు గడువు ముగిసే నాడు

భూమి ఏ స్థితిలో తిరిగి ఇస్తారన్నది మొదటి రోజు ఒప్పందంలోనే ఉండాలి. ఇనుప స్తంభాలు, కాంక్రీటు దిమ్మెలు, భూమిలోని తీగలు ఎంత లోతు వరకు తీసేస్తారు, సరిహద్దు రాళ్లు ఎవరు పాతిస్తారు, పైమట్టిని ఎలా సరిచేస్తారు అన్నవి వివరంగా రాయాలి. నిర్మాణానికి ముందు ప్రతి సర్వే నంబరు హద్దులనూ జీపీఎస్‌తో కొలిచి, ఆ పటం ఒక ప్రతిని రైతుకు, ఒకటి పంచాయతీకి ఇవ్వాలి. గట్లు చదునైపోయాక పాతికేళ్లకు మనవళ్ల మధ్య వచ్చే తగాదాకు అదొక్కటే ఆధారం. సౌర ప్యానెళ్ల వ్యర్థాలు ఇప్పుడు 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల పరిధిలోకి వచ్చాయి కాబట్టి పగిలిన ప్యానెళ్లను పొలం మూలల్లో గుట్టలు వేయకుండా నిల్వ చేసి అప్పగించే బాధ్యత ఎవరిదో పేరుతో సహా రాయాలి. ప్రాజెక్టు చేతులు మారడం, సంస్థ దివాలా తీయడం ఈ రంగంలో జరగనివి కావు. అందుకే తొలగింపు ఖర్చును పదో ఏట నుంచి ఏటేటా కొంత చొప్పున బ్యాంకు గ్యారంటీగా జమ చేసి, కొత్త యజమాని వచ్చినా ఆ గ్యారంటీ, కౌలు, ఊరి నిధి మూడూ అతనికి అంటుకొనే షరతును రిజిస్టరైన కౌలు పత్రంలోనే చేర్చాలి.